విశ్రాంతి గృహమును దాని కావలివాడును

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు సముద్రపు బాటవెంట, సుమారు 25 కిలోమీటర్ల పొడవున, ఈ దినములలో అనేక విశ్రాంతి గృహములు వెలసియున్నవి. కొన్ని అద్దెకిచ్చునవి, కొన్ని ఒక్కొక్క కుటుంబము తమకొరకే కట్టుకొన్నవి. పట్టణములలో ఉద్యోగములు చేయువారు, విదేశములలో బిడ్డలున్నవారు, మన విశ్వాసులలో కలిగినవారు కొందరు సైతము అట్టి యిండ్లను సంపాదించుకొని ప్రతిష్ఠ ప్రార్థనకు కాపరులను పిలుచుచున్నారు. అట్టి పిలుపు వచ్చినప్పుడెల్ల మాకు ఒక ప్రశ్న తోచుచుండును. ఉండుటకు ఇల్లున్నవాడు, సంవత్సరమునకు ఇరువది దినములు చల్లగాలి పీల్చుకొనుటకై రెండవ యిల్లు కలిగియుండుట తగునా?

తగదని తొందరపడి చెప్పుట సులువు. చలికాలపు ఇంటిని, వేసవికాలపు ఇంటిని దేవుడు పడగొట్టునని ఆమోసు చెప్పెనుగదా (3:15) అని వెంటనే వచనము చూపువారు కలరు. అయితే ఆ ప్రవక్త కోపము చల్లగాలిమీద కాదు. షోమ్రోనులోని ధనవంతులు దరిద్రులను నలిపి తెచ్చిన సొమ్ముతో ఆ యిండ్లు కట్టిరి. అలసట పాపము కాదు, అలసట తీర్చుకొనుటయు పాపము కాదు. ప్రకటించి తిరిగివచ్చిన శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేకపోగా, జనులు లేని చోటికి వచ్చి కొంత విశ్రమించుడని ప్రభువే పిలిచెను. వారు దోనె యెక్కి నీటిమీదుగా వెళ్లిరి (మార్కు 6వ అధ్యాయము).

మన మిషనెరీ పెద్దలు కూడ ఎండలకు, జ్వరములకు తాళలేక వేసవిలో కొండలకు పోయెడివారు. మదురై ప్రాంతపు అమెరికా మిషనెరీలు 1845లో కోడైకెనాలులో మొదటి బంగళాలు కట్టుకొనిరి. అక్కడి సరస్సు 1863లో ఏర్పడినది. జ్వరములకు బిడ్డలను పోగొట్టుకొన్నవారిని విలాసపురుషులని మనము అనలేము. అయినను మోటారు బాట పడకమునుపు వారిని, వారి పెట్టెలను కూలీలు మోసికొని ఆ కొండ యెక్కించిరి. ఆ మోసినవారి పేర్లు మనకు తెలియవు.

మన తీరమును చూడదగినదే. గోస్తనీనది భీమునిపట్టణమువద్ద సముద్రములో కలియుచున్నది. దారిలో గాలియు నీరును వేలకొలది సంవత్సరములు మలచిన ఎర్రమట్టి దిబ్బలున్నవి. కొండమీద, 1976లో బయటపడిన తొట్లకొండ బౌద్ధారామమున్నది. రాతిలో తొలిచిన నీటి తొట్లవలననే దానికి ఆ పేరు. 17వ శతాబ్దమున వర్తకమునకు వచ్చిన డచ్చివారు 1825లో ఊరిని ఆంగ్లేయులకు అప్పగించి వెళ్లిరి. వారి సమాధులు మాత్రము వెళ్లలేదు. తల్లిదండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చి ఇవన్నియు చూపుట మేలే.

మరి అభ్యంతరమెక్కడ? విశ్రాంతి దినపు ఆజ్ఞ మనకందరికి కంఠస్థమే. కాని ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో మోషే దానిని మరల చెప్పుచు, నిర్గమకాండము 20వ అధ్యాయములో లేని మాటయొకటి చేర్చెను. దాసుడును దాసియు యజమానివలెనే విశ్రమించుటకై ఆ దినము ఇయ్యబడెనట. మిగిలిన పని తీరిన తరువాత కొంచెము నడుము వాల్చుటకు కాదు, యజమానివలెనే. ఐగుప్తులో మీరును దాసులేగదా అని కారణమును చూపెను. ఈ మాట చదివిన తరువాత మా ప్రశ్న మారినది. ఆ యింట కుటుంబము విశ్రమించు దినమున తాళపుచెవులు మోయువాడు ఏమి చేయుచున్నాడు?

ప్రతి విశ్రాంతి గృహము వెనుకను ఒక చిన్న గది యుండును. అందులో కావలివాడు, అతని భార్య, పిల్లలు. ఎవరును రాని దినములలో వారు మొక్కలకు నీరు పోయుదురు, ఉప్పుగాలికి తుప్పుపట్టు కిటికీ ఊచలు తుడుతురు. యజమానులు వచ్చునది శని ఆదివారములలోనే. శుక్రవారమునాడే ఫోను వచ్చును: ఎనిమిదిమంది వచ్చుచున్నారు, దుప్పట్లు ఉదుకవలెను, చేపలు తేవలెను. ఆదివారము ఉదయము పూరీలు, టీ, మధ్యాహ్నము చేపల పులుసు, సాయంకాలము గిన్నెలు. మా సంఘములో అట్టి కుటుంబములున్నవి. ఆ పని దొరకినది మొదలు వారు ఆరాధనకు రాలేకపోయిరి. ఒక తల్లిని అడుగగా ఆమె, “ఆదోరం నాడే గదండీ అయ్యగారూ, బాబుగారోళ్లు ఒచ్చేది. ఆళ్లు ప్రార్థన చేసుకుంటారండి, నేను వంటింట్లోంచి ఇంటాను” అనెను. ఆ బాబుగారును విశ్వాసియే.

జీతమిచ్చుచున్నాము, గది యిచ్చితిమి, ప్రాణమునకు తెగించి వేటకు పోవుటకంటె ఇది మేలు కాదా అని యజమానులందురు. నిజమే. వేట సాగని యింటికి నెలజీతము చిన్న సంగతి కాదు. కాని జీతము పనికి వెల, విశ్రాంతికి వెల కాదు. ఇదే తీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు మరపడవల వేటకు ప్రభుత్వము నిషేధము విధించుచున్నది. చేపలు గుడ్లుపెట్టు కాలమని సముద్రమునకు 61 దినముల విశ్రాంతి. సరిగా ఆ దినములలోనే వేసవి సెలవులకు కార్లు వచ్చి ఈ యిండ్లు నిండును. చేపకు సెలవున్నది, చేపను వండునామెకు లేదు.

మార్కు సువార్తలోని ఆ విశ్రాంతి చివరకు ఏమాయెనో కూడ గమనించుడి. జనులు కాలినడకను ముందుగా చేరి ఒడ్డున నిలిచియుండిరి. ప్రభువు వారిని తరుమలేదు, వారిమీద కనికరపడెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరమును తాకినప్పుడు రేకులు, కప్పులు ఎగిరిపోయెను. అట్టి రాత్రి మరల వచ్చినయెడల ఆ స్లాబు ఇంటి తాళము తీసి ఇరుగుపొరుగువారిని లోనికి పిలుచుటకు కావలివానికి సెలవున్నదా? ఫోనులు పనిచేయని రాత్రి అతడు ఎవరిని అడుగవలెను? ప్రతిష్ఠ ప్రార్థనకు పిలిచినవారిని మేము ఈ మాట ముందుగా అడుగుచున్నాము. కొందరికి నచ్చుట లేదు.

తరువాత యోహాను సువార్త 21వ అధ్యాయము చదువుచున్నాము. తిబెరియ సముద్రములో రాత్రంతయు వలలు వేసి అలసివచ్చిన శిష్యులకొరకు, తిరిగిలేచిన ప్రభువు తానే ఒడ్డున నిప్పులు చేసి, చేపలును రొట్టెయు సిద్ధపరచి భోజనమునకు పిలిచెను. అక్కడ యజమానుడే వంటవాడు.

అది విన్న ఒక యింటివారు ఇప్పుడు ఆదివారపు వంట తామే చేసికొనుచున్నారు. తండ్రి పొయ్యియొద్ద, కుమారుడు గిన్నెలయొద్ద. పూరీలు సరిగా పొంగుట లేదట. వారి కావలివాని కుటుంబము తొమ్మిది గంటలకు ఆరాధనకు వచ్చుచున్నది. మొదటి ఆదివారము ఆ తల్లి ప్రసంగము మధ్యలో రెండుసార్లు లేచి, ఎవరో పిలిచినట్లు వాకిటివైపు చూచెను. మూడవ వారమునకు కుదురుగా కూర్చుండి పాటల పుస్తకము విప్పెను.