సరమ అడిగిన ప్రశ్న

ధనుర్మాసం వచ్చిందంటే గుళ్లలో తిరుప్పావై, వాకిళ్లలో గొబ్బెమ్మలు. వీధికుక్కలు ఎక్కువగా ఈనేదీ ఈ చలిరోజుల్లోనే. మెట్ల కింద, ఇసుక కుప్ప వెనక కళ్లు తెరవని కూనలు కుయ్‌కుయ్‌మంటుంటాయి. ఆ చప్పుడు చెవిన పడగానే కొందరు గోనెసంచి వెతుకుతారు. తల్లి తిండికి వెళ్లిన సమయం చూసి కూనల్ని మూటగట్టి ఊరి బయట పారేసి వస్తారు. వచ్చి స్నానం చేసి పూజకు కూర్చుంటారు. ఇది పాపం. ఇంతకంటే మెత్తగా చెప్పడం నావల్ల కాదు.

భారతం మొదట్లోనే వచ్చే ఒక కథ గుర్తు చేసుకోండి. జనమేజయుడి యాగశాలకు వచ్చిన కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. హవిస్సును నాకలేదు, అటు కన్నెత్తి చూడనైనా లేదని మూలంలో ఉంది. ఆ తల్లి, దేవతల కుక్క సరమ, నేరుగా రాజు ముందుకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని అడిగింది. ఎవరూ బదులు పలకలేదు. ఆమె శపించింది. ఆ శాపానికి కలతపడి, అంతటి చక్రవర్తీ దోషం పోగొట్టే పురోహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్లాడు. నన్నయగారూ ఈ కథను ఆదిపర్వం తొలి ఆశ్వాసంలోనే చెప్పారు. ధర్మరాజు వెంట నడిచిన కుక్క గురించి ప్రవచనాల్లో ఎన్నిసార్లయినా వింటాం. ఈ తల్లిని మాత్రం మరిచిపోయాం.

ముద్దొస్తున్నాయని కళ్లు తెరవని కూనను ఇంటికి తెచ్చుకునేవారికీ ఒక మాట. పుట్టిన కూనకు తన ఒంటిని తాను వెచ్చగా ఉంచుకునే శక్తి ఉండదు. రోగాలను తట్టుకునే బలం మొదటి రోజు ముర్రుపాలతోనే వస్తుంది. తల్లి నాకితే తప్ప మూత్రం కూడా పోయలేదు. రెండు వారాలకు గానీ కళ్లు తెరుచుకోవు. ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండనివ్వండి.

మీ దయ అంతా ఆ బాలింత మీద చూపండి. పాలిచ్చే కుక్కకు మామూలు కంటే రెండు మూడింతల తిండి కావాలి. వైశ్వదేవంలో కుక్కకూ ఒక ముద్ద పెట్టమన్నారు పెద్దలు. ఆ ముద్ద దాని పక్కనే పెట్టండి, నీళ్లు మరవకండి. కూనల కింద పాత గోనెపట్టా పరవండి. చిన్నపిల్లల్ని అటు పోనివ్వకండి, బిడ్డల జోలికొస్తే ఏ తల్లయినా కరుస్తుంది.

తల్లి ఏ లారీ కిందో పడి పోతే అప్పుడు మీరే దిక్కు. చల్లబడ్డ కూనకు వెంటనే పాలు పట్టకూడదు, ముందు ఒళ్లు వెచ్చబడాలి. ఆవుపాలు పడవు. పశువుల మందుల షాపుల్లో కుక్కపిల్లల పాలపొడి దొరుకుతుంది. వెల్లకిలా పడుకోబెట్టకుండా, బోర్లా ఉంచి రెండు మూడు గంటలకోసారి పట్టండి. పట్టాక గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో పొత్తికడుపు కింద మెల్లగా తుడవండి. రాత్రుళ్లూ లేవాల్సిందే. తెల్లవారుజామున తిరుప్పావైకి లేచే ఇంట్లో ఇది కష్టమని నేననుకోను.

కుక్కలు పెరిగిపోతున్నాయన్న బాధ నిజమే. దానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఉంది. కూనలు పాలు మానాక మున్సిపాలిటీకి చెప్పి తల్లికి చేయించి, మళ్లీ అదే వీధిలో వదిలేలా చూడండి.