ఇరుకు కుండీలోని మర్రి

నొప్పింపకుండ మేలు చేయుట సాధ్యమా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో గాక, హౌరాలోని షాలిమార్‌లో ఒక మట్టికుండీ యొద్ద ఎదురయ్యెను.

మా అన్నగారు ఉద్యోగ విరమణ చేసి స్వగ్రామమునకు వెళ్లుచు, తాము పెంచిన మర్రిమొక్కను నాకప్పగించిరి. నేను ప్రతి ఉదయము దానికి నీళ్లు పోయుచుంటిని. పోసిన నీరు క్షణములోనే అడుగు రంధ్రము గుండ కారిపోవుచుండెను. అయినను నా విధి తీరెనని తృప్తిపడితిని. ఆకులు మాత్రము పసుపువారి రాలుచుండెను. ఒకనాడు ఆ దారిని వచ్చిన శ్రీకాకుళపు తోటమాలి చూచి, "అయ్యగారూ, మీరు నీళ్లు పోస్తున్నది మొక్కకు కాదండి, నేలకు" అనెను.

కుండీ పగులగొట్టగా మన్ను దాదాపు కనబడలేదు. వేళ్లు చుట్టలు చుట్టుకొని కుండీ ఆకారమునే దాల్చియుండెను. "పెద్ద కుండీలో పెట్టిన చాలదా?" అంటిని. చాలదట. చుట్టుట కలవాటుపడిన వేరు విశాలమైన చోటను చుట్టుచునే యుండును. తుదకు కాండమునే బిగించును. అతడు వేళ్లను ఓర్పుతో విప్పి, విడిపోని వాటిని కోసి, కొమ్మలను తగ్గించి, క్రొత్త మట్టిలో నాటి నీడనుంచెను. కొన్ని దినములలో ఉన్న ఆకులును రాలిపోయెను. చంపితినేమో యని భయపడితిని. కాని నీడను, నీటిని మానలేదు. కొన్ని వారములకు చిగురు తొడిగెను.

సమీపమున శిబ్‌పూర్‌లో, 1787లో స్థాపింపబడిన వృక్షశాస్త్ర ఉద్యానవనమున, సుప్రసిద్ధమైన మహా మర్రి కలదు. 1864, 1867 సంవత్సరముల తుపానులలో దెబ్బతిని, బూజుతెగులు సోకి మూలకాండము క్రుళ్లగా, 1925లో దానిని తొలగించిరి. మూడు వేలకు పైబడిన ఊడలపై ఆ వృక్షము నేటికిని నిలిచియున్నది.

అట్లయిన కోత యెల్ల కరుణయేనా? కాదు. కఠినముగా మాటలాడి, "నీ మేలుకే" యని వెడలిపోవువారు అనేకులు. అంజూరపు చెట్టు ఉపమానములోని తోటమాలి చుట్టు త్రవ్వుటకు మాత్రమే గాక, ఎరువు వేసి మరియొక యేడు కనిపెట్టుటకును పూనుకొనెను. కోసిన తరువాత నీడపట్టుటకు నిలుచువానికే కత్తి పట్టు అధికారము కలదు.

ఇది వ్రాయుచు నేను సిగ్గుపడుచున్నాను. తండ్రిగారి పొలము విషయమై అన్నగారికిని నాకును మధ్య ఒక మాట యేండ్లుగా ముడిపడియుండెను. పండుగకు శుభాకాంక్షలు, అవసరమునకు సొమ్ము పంపుచుంటిని. ఆ మాట మాత్రము ఎత్తలేదు. అదియును నేలకు పోసిన నీరే. మొక్క చిగిర్చిన నెలలోనే షాలిమార్‌లో రైలెక్కి ఊరు చేరితిని. తప్పు నాదని ఒప్పుకొంటిని. మొదటి రాత్రి ఇరువురము భోజనము చేయలేదు. తెల్లవారి తిరిగి వచ్చుటకు మనసు తొందరపెట్టెను గాని, వారము దినములు అక్కడనే యుంటిని.

చదువరీ, నీవు దినదినము పోయు నీరు ఎక్కడికి పోవుచున్నదో చూచితివా?