పాచి

మా అబ్బాయి హాస్టలుకి వెళ్తూ తన చేపలతొట్టి నాకు అప్పగించాడు. వాడి గది సర్దేశాక ఇక నేను సాకడానికి మిగిలినవి ఆ నాలుగు ఏంజెల్ చేపలే. వాడు గుర్తొచ్చినప్పుడల్లా చిటికెడు మేత వేసేదాన్ని. రోజుకి ఎన్నిసార్లు గుర్తొస్తాడో తల్లులకి చెప్పక్కర్లేదు కదా! చీకట్లో బెంగపెట్టుకుంటాయేమోనని అర్ధరాత్రిదాకా లైటు కూడా ఆర్పేదాన్ని కాదు.

నెల తిరిగేసరికి గాజు నిండా పచ్చటి పాచి. మా ఆడపడుచు వచ్చి చూసి, "ఇదేమిటి వదినా, ఇంట్లో చెరువు తవ్వించావా?" అంది. చెప్పొద్దూ, రోషం ముంచుకొచ్చింది. మర్నాడే నీళ్లన్నీ పారబోసి, రాళ్లు తోమి, ఫిల్టరులోని స్పాంజిని కుళాయి కింద పిండి పిండి ఉతికాను. తొట్టి అద్దంలా మెరిసింది. నాలుగోనాడు రెండు చేపలు తేలిపోయాయి.

చేపల దుకాణం అతను విని తల పట్టుకున్నాడు. "పాచి రోగం కాదమ్మా, లెక్క తప్పిందని చెప్పే గుర్తు. చేపలు తినగా మిగిలిన మేత కుళ్లి ఎరువవుతుంది. దానికి వెలుతురు తోడైతే పాచి పట్టదా మరి? ఇక ఆ స్పాంజిలో కంటికి కనిపించని బాక్టీరియా ఉంటుంది. చేపల మలినంలోని అమ్మోనియా విషాన్ని విరిచేది అదే. కుళాయి నీళ్ల క్లోరిన్‌తో దాన్ని చంపేసుకున్నారు."

అతను చెప్పిన వైద్యం చాలా చిన్నది. లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు. రెండు నిమిషాల్లో తినేసేంత మేత. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చి, కొత్త నీళ్లలో క్లోరిన్ విరుగుడు కలపడం. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే జాడించడం. ఆ ఎరువుని పీల్చుకోవడానికి నాలుగు బతికున్న మొక్కలు నాటడం.

ఇంటికొచ్చాక ఒకటే ఆలోచన. ప్రేమతో చేసింది తప్పవుతుందా? ద్వేషంతో నేనేం చెయ్యలేదే! మీరూ అదే అంటారు, తల్లిప్రేమకి కొలతలేమిటని. కానీ నిజం ఒప్పుకోవాలి. మేత వేసింది చేపల ఆకలికి కాదు, నా ఒంటరితనానికి. తోమింది వాటి ఆరోగ్యానికి కాదు, ఆడపడుచు ముందు నా పరువుకి. రెండుసార్లూ నేను చేపలవంక చూడనే లేదు. ఎదుటి ప్రాణికి ఏం కావాలో చూడని ప్రేమకి ఉద్దేశం ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం? కొలత పెట్టుకోవడమంటే ప్రేమ తగ్గించుకోవడం కాదు, అవతలివాళ్లని చూడటం.

రాత్రి అబ్బాయికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మిగతా రెండూ బాగున్నాయా అమ్మా?" అన్నాడు. అన్నం తిన్నావా, చొక్కాలు ఉతికించావా అని అడగబోయి ఆగి, "నువ్వెలా ఉన్నావు నాన్నా?" అన్నాను. ఆ రోజు వాడు చాలాసేపు మాట్లాడాడు.

ఇప్పుడు ముందువైపు గాజు మాత్రమే గీకుతున్నాను. వెనకవైపు కాస్త పాచి ఉంది. ఆడపడుచు మళ్లీ వస్తే చూస్తుంది. చూడనివ్వండి.