తప్పుకోవలసింది ఎవరు?

సుబేదారి ఆర్ట్స్ కాలేజీ దగ్గర ఉదయం నడిచే పెద్దల మధ్య మీ బిడ్డ స్కేట్లపై దూసుకుపోతే, తప్పుకోవలసింది ఎవరు? గంటకు 15 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 4 మీటర్ల పైమాటే. "జరుగు తాతా!" అని అరిస్తే చాలదు, ఉలిక్కిపడిన పెద్దాయన ఎటు జరుగుతారో ఆయనకే తెలియదు. ఆగగలిగినవాడిదే ఆ బాధ్యత.

హెల్మెట్, మోకాలి ప్యాడ్లు కొనిస్తాం, కొనాలి కూడా. కానీ అవి కాపాడేది మన బిడ్డనే. హైదరాబాదు యువకుడు అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడల్లో స్కేటింగులో రెండు కాంస్య పతకాలు సాధించాడు. అది రింకు, అక్కడ నడిచేవారు ఉండరు. ఇక్కడ ఉంటారు. కనుక కొత్త బూట్లు తొడిగిన రోజున పరుగు కన్నా ముందు ఆగడం నేర్పించండి. జనం ఎక్కువైతే బూట్లు విప్పి చేత పట్టుకొని నడవమనండి.