గడప లోపల కుక్క, గడప బయట మనిషి



పోయిన వానాకాలంలో మా చిన్నోడు బడి నుంచి వస్తూ ఒక కుక్కపిల్లను సంచిలో వేసుకొచ్చాడు. జనగామ బస్టాండు దగ్గర మోరీ పక్కన దొరికిందట. వెనుక కాలికి దెబ్బ. మా ఇంట్లో అప్పటికే ఇద్దరు పిల్లలు, ఒక పిల్లి, రెండు మేకలు. "ఉంచుకుందాం డాడీ" అని పిల్లలు ఒకటే గోల. మా అమ్మ మాత్రం ఒక్క మాట అన్నది: "దొర ఇంట్ల కుక్క పరుపు మీద పండేది. మీ తాత గడప బయట నిలవడ్డడు. ఇప్పుడు నువ్వు గూడ కుక్కను లోపలికి తెస్తవా బిడ్డా?"

ఈ మాటను తేలిగ్గా తీసిపారేయకండి. చండాలురు ఊరి బయటే ఉండాలని, కుక్కలూ గాడిదలే వాళ్ళ ఆస్తి అని మనుస్మృతి పదో అధ్యాయంలో రాసి పెట్టారు. మహాడ్‌లో పశువులు తాగే చవదార్ చెరువు నీళ్ళు మనకు నిషేధం. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ఆ నీళ్ళు తాగింది అందుకే. మనల్ని కుక్క అని తిట్టినవాళ్ళ ఇళ్ళలోనే కుక్కకు పాలబువ్వ దొరికింది. అమ్మ కోపం న్యాయమైనది.

అయితే ఆలోచించండి. కుక్కను లోపలికి రానివ్వడం తప్పు కాదు, మనిషిని బయట నిలబెట్టడం తప్పు. ఆ తప్పు చేసింది కుక్క కాదు. కులం ఒక నిచ్చెన. పైవాడు తన్నితే కిందివాణ్ణి తన్నమని అది నేర్పుతుంది. అట్టడుగు మెట్టు మీద ఉన్నవాడికి తన్నడానికి మిగిలేది కుక్కే. అక్కడ కూడా మనం కాలు ఎత్తకపోతేనే ఆ నిచ్చెన దిగినట్టు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో పదమూడవది సకల ప్రాణుల పట్ల దయ గురించినదే. కరుణ మనుషుల పట్ల ప్రేమ, మైత్రి ప్రాణులన్నిటి పట్ల ప్రేమ అని 'బుద్ధుడు – ఆయన ధమ్మము'లో ఆయన విడదీసి చెప్పారు.

భూపాలపల్లిలో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, సాదుకుంటే జాతి కుక్కనే సాదుకోవాలె గదా?" చూశారా, వేలు పోసి కొన్నది 'జాతి' కుక్క, వీధిలో పుట్టింది 'ఊర' కుక్క! పుట్టుకను బట్టి విలువ కట్టే బుద్ధి మనలో ఇంకా ఎక్కడ దాక్కుందో ఆ ఒక్క మాట చెబుతుంది.

మహబూబాబాద్ సభలో ఒక అక్క నిలదీసింది: "కుక్కలు పిల్లలను పీక్కుతింటున్నయ్, మీరేమో మైత్రి అంటున్నరు." నిజమే. 2023 మే నెలలో కాజీపేటలో వలస కుటుంబానికి చెందిన ఎనిమిదేళ్ళ బాబును వీధికుక్కలు చంపాయి. ఆ బిడ్డను మరిచిపోయే మైత్రి మైత్రి కాదు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని బాబాసాహెబ్ వివరించారు. పిచ్చికుక్క మీదికొస్తే బిడ్డను కాపాడుకోవడం అవసరం. వాడలోని కుక్కలన్నిటికీ విషం పెట్టడం కోరిక. 2023 నాటి నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్లు, రేబిస్ టీకాలు చేయించాల్సిన బాధ్యత స్థానిక సంస్థలది. వాళ్ళను నిలదీసి అడగడం కూడా ధమ్మ కార్యమే.

మైత్రి అంటే తెచ్చిన బరువును మోయడం. మేం మొదటి రోజే పిల్లను పశువుల దవాఖానకు తీసుకుపోయాం. పది రోజులు కొట్టంలో విడిగా ఉంచాం. అది పండుకున్న గోనెసంచిని పిల్లి దగ్గర వేసి ముందు వాసన అలవాటు చేశాం. పిల్లి ఎక్కి కూర్చోవడానికి ఎత్తులో ఒక అరుగు వదిలాం. మేకల దగ్గరికి తాడు చేతిలో పట్టుకునే తీసుకుపోయాం. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాం. ఏటా వేయించాలి, వయసు రాగానే ఆపరేషన్ చేయించాలి. పిల్లలకూ నియమాలు పెట్టాం: తినేటప్పుడు, పండుకున్నప్పుడు ముట్టొద్దు, తోక, చెవులు గుంజొద్దు. చిన్నపిల్లలను కుక్క దగ్గర ఒంటరిగా వదలకండి. కరిచినా, గోరు గీరినా పసుపు, కారం పెట్టకండి. పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు దవాఖానకు వెళ్ళి టీకా వేయించుకోండి.

ఇవన్నీ చేయలేనివాళ్ళు కుక్కను తేవద్దు. తెచ్చి గొలుసుకు కట్టేసే బదులు తేకపోవడమే మేలు.

మా అమ్మ ఇప్పటికీ దాన్ని దగ్గరికి తీయదు. నేను బలవంతపెట్టలేదు. కానీ ఒక షరతు పెట్టింది: "ఎవ్వలొచ్చినా, ఏ కులపోళ్ళయినా, మన గడప బయట నిలబెట్టొద్దు. అట్లయితేనే కుక్క లోపల ఉండాలె."

ఆ షరతుకు మేం ఒప్పుకున్నాం. మీరూ ఆలోచించండి.

భవతు సబ్బ మంగళం!