మరణాల పుస్తకంలో ఏమి వ్రాయించాలి?



మీ విచారణ కార్యాలయంలో జ్ఞానస్నానాల పుస్తకం, వివాహాల పుస్తకం ప్రక్కనే మరణాల పుస్తకం ఒకటి ఉంటుంది. ప్రతి విచారణలోనూ అది ఉండాలని 1983 నాటి శ్రీసభ చట్టం చెప్తుంది. 1969 నాటి మన దేశ చట్టం కూడా ప్రతి మరణాన్నీ 21 రోజులలోగా తెలియజేయమంటుంది. ఇంట్లో మనిషి పోయి దుఃఖంలో ఉంటే ఈ వ్రాతలు దేనికని మనకు అనిపించవచ్చు.

అంతకంటె కష్టమైన ప్రశ్న మరొకటి ఉంది. పురుగుల మందు త్రాగి కొడుకు చనిపోతే, “కడుపునొప్పితో పోయాడని చెప్పండి ఫాదర్‌గారూ” అని బ్రతిమాలే తల్లిదండ్రులుంటారు. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు. కారణం మార్చి చెబితే ఎవరికి నష్టం?

ఈ దాపరికం నేటిది కాదు. ఒకప్పుడు లండను నగరంలో విచారణలవారీగా మరణాల లెక్క వారం వారం అచ్చువేసేవారు. జాన్ గ్రాంట్ అనే వర్తకుడు ఆ లెక్కలన్నీ పరిశీలించి 1662లో ఒక పుస్తకం వెలువరించాడు. సుఖవ్యాధితో పోయినవారి సంఖ్య మరీ తక్కువగా ఉండడం ఆయనకు వింతగా తోచింది. శవాన్ని చూసి కారణం చెప్పే ముసలమ్మలకు ఇంటివారు కాస్త మద్యం పోసి, రెట్టింపు రుసుము ముట్టజెప్పి, క్షయ అని చెప్పించేవారట! పరువు దక్కింది గాని, రోగం ఎంతగా ప్రబలిందో ఊరికి తెలియకుండా పోయింది.

నిజం వ్రాసిన చోట ఏమి జరిగిందో చూడండి. 1990లలో శ్రీలంకలో ఆత్మహత్యలు మిక్కుటంగా ఉండేవి. ఏ మందు త్రాగినవారు ఎక్కువగా చనిపోతున్నారో ఆసుపత్రుల లెక్కలలో తేలింది. ప్రభుత్వం 1995లోనూ, 1998లోనూ మిక్కిలి ప్రమాదకరమైన మందులను నిషేధించింది. పదేళ్లలో ఆత్మహత్యల రేటు సగానికి తగ్గింది. చనిపోయినవారి గురించి వ్రాసిన నిజం బ్రతికున్న బిడ్డలను కాపాడింది గదా!

తల్లిదండ్రుల భయానికి కారణం లేకపోలేదు. తెలిసి ప్రాణం తీసుకున్నవారికి శ్రీసభ భూస్థాపనను 1917 నాటి చట్టం నిరాకరించింది. 1983 చట్టంలో ఆ నిషేధం లేదు. అట్టివారి రక్షణ విషయమై నిరాశ చెందరాదని, శ్రీసభ వారి కొరకు ప్రార్థిస్తుందని 1992లో వెలువడిన సత్యోపదేశం బోధిస్తున్నది. శ్రీసభ తలుపు తెరిచాక కూడా మనం అబద్ధం చాటున నిలబడడం ఎందుకు?

లాజరు నిద్రిస్తున్నాడని ప్రభువు మొదట అన్నారు. శిష్యులకు అర్థం కానప్పుడు, చనిపోయాడని స్పష్టంగా చెప్పారు. సమాధి దగ్గర కన్నీరు కార్చారు. ఓదార్పు మాట, నిజమైన మాట రెండూ ఆయన నోటనే వచ్చాయి.

వీధిలో అడిగినవారికల్లా చెప్పనక్కరలేదు. మౌనం వేరు, అబద్ధం వేరు. వైద్యునికి, పోలీసులకు, మీ విచారణ గురువులకు మాత్రం ఉన్నదున్నట్లు చెప్పండి.

ఇక ఇరుగుపొరుగు వారమైన మన సంగతి. ఆ ఇంటి గడప తొక్కగానే “ఎలా పోయాడు?” అని గుచ్చి గుచ్చి అడుగుతాం. వాళ్లచేత అబద్ధమాడిస్తున్నది మన ప్రశ్నలే కాదా? ఈ నవంబరు 2న మీవారి సమాధి వద్ద క్రొవ్వొత్తి వెలిగించాక, ఎవరూ పేరెత్తని ఆ బిడ్డ సమాధి వద్ద కూడా ఒకటి వెలిగించండి. ఆ తల్లి చూస్తుంది. ఆమెకు నోరు విప్పే ధైర్యం రావచ్చు. ఆ ఇంట్లోనే అదే బాధను లోలోపల మోస్తున్న మరొక బిడ్డకు కూడా!