బాలలకు మానవీయ విద్య

ఏటేట పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడినంతనే మన యిండ్లలో నొక ప్రశ్న తల యెత్తును. బిడ్డను ఏ గ్రూపులో చేర్పింపవలెను? లెక్కలలో దిట్టయైనచో ఎం.పి.సి., వైద్యవృత్తిపై ఆశ గలచో బై.పి.సి. అని పెద్దలు నిశ్చయింతురు. చరిత్ర, అర్థశాస్త్రము, పౌరశాస్త్రము కలిసిన హెచ్.ఇ.సి. పేరు వినబడగనే, “అది మార్కులు రానివారికి గదా!” యను మాట వెలువడును. ఆ మాట పలుకువారు బిడ్డల మేలు కోరనివారు కారు. తమ సంతానము నాలుగు రాళ్లు సంపాదించి సుఖముగా బ్రతుకవలెనను తాపత్రయమే వారిచే నట్లు పలికించుచున్నది. కాని యిందొక ధర్మసందేహము దాగియున్నది. బిడ్డకు బ్రతుకుతెరువు చూపినంత మాత్రముననే తల్లిదండ్రుల బాధ్యత తీరిపోవునా?

భాష, సాహిత్యము, చరిత్ర, తత్త్వము, సంగీత శిల్పాది కళలు – వీనినే నేడు మానవీయ శాస్త్రములని వ్యవహరించుచున్నారు. పదార్థము ఎట్లు పనిచేయునో ప్రకృతి శాస్త్రములు తెలుపును. మనుష్యుడు ఎట్లు జీవించెను, దేనిని ప్రేమించెను, ఎచ్చట తప్పటడుగు వేసెను, ఎట్లు జీవింపవలెను అను విచారణ మానవీయ శాస్త్రములది. ఈ రెండింటికిని వైరము లేదు.

ఛాందోగ్యోపనిషత్తున సప్తమాధ్యాయములో నారద మహర్షి సనత్కుమారుని చెంతకు శిష్యుడై వచ్చెను. తాను నేర్చిన విద్యలను చెప్పుమని గురువు అడుగగా నారదుడు వేదములను, ఇతిహాస పురాణములను, గణితమును, తర్కమును, నక్షత్రవిద్యను, మరి పెక్కింటిని పేర్కొనెను. ఇన్ని తెలిసియు తాను మంత్రవేత్తనే గాని ఆత్మవేత్తను గానని, శోకములో నున్నానని విన్నవించుకొనెను. ఇందు రెండు విషయములు గమనింపదగినవి. ఆ పట్టికలో లెక్కలును కలవు, చరిత్రయు కలదు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ యను మాట అందు లేదు. రెండవది, విద్యలెన్ని యున్నను “నేనెవరను? నా దుఃఖమునకు అంతమెక్కడ?” అను ప్రశ్న మిగిలియే యుండును. ఆ ప్రశ్న వేయుట బిడ్డకు నేర్పని చదువు ఎంత గొప్పదైనను కొరతపడినదే.

మానవీయ విద్య బాలుర బుద్ధిని ఎట్లు తీర్చిదిద్దునో తెలియుటకు మనకందరకు పరిచితమైన వామనావతార కథ చాలును. శ్రీమద్భాగవత అష్టమ స్కంధమున, వచ్చినవాడు సాక్షాత్తు శ్రీమహావిష్ణువని శుక్రాచార్యులు బలిని హెచ్చరించెను. తన జీవనాధారమునకే ముప్పు తెచ్చు దానమును పెద్దలు మెచ్చరనియు, కొన్ని ఆపత్సమయములందు అసత్యము నింద్యము కాదనియు బోధించెను. బలి ఆడిన మాట తప్పజాలనని గురువు శాపమునకు గురియయ్యెను. ఈ కథను పిల్లలకు చెప్పి, “బలి చేసినది సరియేనా? గురువు మాట కాదనవచ్చునా? తన్ను నమ్ముకొన్న పరివారము గతి యేమి?” అని యడిగి చూడవలెను. ఒకడు సత్యమే గొప్పదనును. ఒకతె గురువాజ్ఞ మీరరాదనును. వేరొకడు బలి వెంటనున్న వారిని తలచి జాలిపడును. లెక్కల పుస్తకము చివర జవాబులుండును. ఈ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకము చివరను ఉండదు. ఎదుటివాని మాట ఓపికతో విని, తన మాటను కారణముతో నిలుపుకొని, అవసరమైనచో మార్చుకొనుట ఇట్టి చర్చలలోనే అలవడును. రేపు ఆ బిడ్డ వైద్యుడైనను, యంత్ర నిపుణుడైనను, వ్యాపారియైనను, మాట నిలుపుకొన్నచో నష్టము వచ్చు ఘడియ ఒకటి రాక తప్పదు. ఆనాడు సాయపడునది ఈ అభ్యాసమే.

ఈ చదువు కూడు పెట్టదని తలచువారు తిరుమల ఆలయ చరిత్రను ఒకపరి పరిశీలింపవలెను. స్వామివారి ఆలయ కుడ్యములపై పెక్కు శాసనములు కలవు. వానిలో అధికభాగము తమిళము. కొన్ని తెలుగు, కన్నడ భాషలలో నున్నవి. 1930ల దశకమున దేవస్థానమువారు వీనిని సంపుటములుగా ప్రకటించిరి. భక్తులు సమర్పించిన ధనముతో దేవస్థాన గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించి, అందువలన హెచ్చిన పంటతో నైవేద్యము జరుపునట్లు చేసిన ఏర్పాట్లు పెక్కు శాసనములలో కనవచ్చును. స్వామికి ఆరగింపు, రైతునకు నీరు ఒక్క దానముచేతనే సమకూరినవి. లిపి చదువగలవారు, పాత భాష తెలిసినవారు లేకున్నచో ఈ సత్యము ఆ రాతిగోడలలోనే మూగవోయెడిది.

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనల వృత్తాంతమును ఇట్టిదే. 1408 నుండి 1503 వరకు జీవించిన ఆ మహాభక్తుని పదములు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయమునందలి సంకీర్తన భాండారములో చిరకాలము మరుగున పడియుండెను. ఇరువదవ శతాబ్దిలో అవి వెలికి వచ్చినపుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు వానిని చదివి, పరిష్కరించి లోకమునకందించిరి. రేకులపై రాగముల పేర్లున్నవి గాని పాడు తీరు తెలుపు స్వరములు లేవు. రాళ్లపల్లివారు పెక్కు సంకీర్తనలకు స్వరకల్పన చేసిరి. నేడు మన యింట ఉదయముననే అన్నమయ్య పాట వినబడుచున్నదన్న, అది ఆ భక్తుని కృపతోపాటు భాషయు, ఛందస్సును, సంగీతమును శ్రద్ధతో చదివినవారి ఫలము. ఆ పండితులు బాలురుగా నున్నపుడు ఆ చదువులు వ్యర్థమని వారిని మాన్పించినచో మనకెంత నష్టము వాటిల్లెడిదో యోచింపుడు!

సాహిత్యము చదివినవారెల్ల సజ్జనులగుదురా యను ఆక్షేపము ఒకటి కలదు. అది త్రోసిపుచ్చదగినది కాదు. రావణుడు వేదవిదుడే. హనుమంతుడును విద్వాంసుడే, కిష్కింధాకాండలో ఆతని తొలిపలుకులు వినగనే, వ్యాకరణమును చక్కగా అభ్యసించినవాడని శ్రీరాముడు లక్ష్మణునితో ప్రశంసించెను. ఇరువురును చదివినవారే. రావణుడు విభీషణుని హితవాక్యమును పెడచెవిని బెట్టెను. హనుమంతుడు తన వాక్కును ఇరువురు దుఃఖితుల నడుమ మైత్రి నెలకొల్పుటకు వినియోగించెను. కావున విద్య యొక్కటే చాలదు; వినయమును, భగవద్భక్తియు దానికి తోడు కావలెను. అయినను దీపము చేతనుండియు గోతిలో పడినవాడున్నాడని దీపమునే ఆర్పివేయుదుమా?

ఈ కాలమున ఈ విద్య యొక్క అవసరము హెచ్చినది. కృత్రిమ మేధ అను యంత్రశక్తి అడిగినంతనే వ్యాసము వ్రాయుచున్నది, చిత్రము గీయుచున్నది, లేని దృశ్యమును ఉన్నట్లే చూపుచున్నది. ఏమి అడుగవలెను, వచ్చిన జవాబు సత్యమా, దానివలన ఎవరికి కీడు కలుగును అను వివేచన మాత్రము మనుష్యుడే చేయవలెను. కళలకును విజ్ఞాన శాస్త్రములకును నడుమ కఠినమైన అడ్డుగోడలుండరాదని 2020 జాతీయ విద్యా విధానమును పేర్కొన్నది. విధానము కాగితముపై నున్నది. ఆచరణ మన యింటనే మొదలు కావలెను.

అందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. వారమున కొక సాయంకాలము ఇంటిల్లిపాదియు కూర్చుండి భాగవత కథ యొకటి చదువుకొనవచ్చును. చదివిన పిదప పిల్లలను ప్రశ్నలడుగనిచ్చి, తొందరపడి మనమే జవాబు చెప్పక వేచియుండవలెను. యాత్రకు పోయినపుడు దర్శనము ముగియగనే పరుగిడక, ప్రాకారముపై శాసనమును, స్తంభముపై శిల్పమును చూపి, ఇది ఎవరు చేయించిరి, ఏల చేయించిరి అని విచారింపవచ్చును. అవ్వ తాతల నోట వారి చిన్ననాటి ఊరి సంగతులు చెప్పించి పిల్లలచే వ్రాయించినచో అదియే చరిత్రకు ఓనమాలు. హెచ్.ఇ.సి. చదువుదునని బిడ్డ తానుగా కోరినచో, ఆ కోరిక మార్కుల కొరతవలన గాక మనసులోని శ్రద్ధవలన పుట్టినదేమోయని ఒక్కసారి ఆలోచింపవలెను.

ఇంత చిన్న వయసున తత్త్వమేల యనువారికి ప్రహ్లాదుడే సమాధానము. గురువులు గృహకార్యములపై మరలియున్న వేళ, ఆటలకు పిలిచిన తోడి బాలురను కూర్చుండబెట్టి, బాల్యముననే భాగవత ధర్మము నాచరింపవలెనని ఆ బాలుడు బోధించెను. రాక్షస బాలురు విన్నది మన బిడ్డలు వినలేరా?

బ్రతుకుతెరువు చూపు చదువును, బ్రతుకునకు అర్థము చూపు చదువును రెండు కన్నులవంటివి. ఒక కంటికి వెలుగిచ్చి రెండవదానిని మూసియుంచు అధికారము మనకు లేదు. మన బిడ్డలు రెండు కన్నులతోను లోకమును, లోకేశ్వరుని దర్శించునట్లు శ్రీనివాసుడు అనుగ్రహించుగాక!